ఊపిరితిత్తిలో నీటిగడ్డ: ఆపరేషనుతో నయమయ్యే జబ్బు, మన జాగ్రత్తతో ఆగే జబ్బు

పాడి ఉన్న ఇంట కుక్క ఉంటుంది. గొర్రెలు, మేకలు ఉన్న ఊళ్లలో కుక్కలు ఇంకా ఎక్కువ. పశువునూ, కుక్కనూ, మనిషినీ కలిపి పట్టే జబ్బులు కొన్ని ఉన్నాయి. వాటిలో పిచ్చికుక్క కాటు సంగతి అందరికీ తెలుసు. అంతగా తెలియనిది ఊపిరితిత్తిలో నీటిగడ్డ. డాక్టర్లు దీనిని హైడాటిడ్ సిస్టు అంటారు. కుక్క పేగులలో ఉండే ఒక చిన్న బద్దెపురుగు దీనికి మూలం. ఈ జబ్బు రావటానికి కుక్క కరవనక్కరలేదు. ఆ కుక్క మన ఇంట్లో తిరిగితే చాలు.

ఈ విషయం వ్రాయటానికి ఒక కారణం ఉంది. సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు ఒక సంఘంలో చర్చ మా ముందుకు వచ్చింది. అక్కడ ఒక సభ్యురాలికి ఛాతీ ఆపరేషను చేసి నీటిగడ్డను తీశారు. ఆమె ఇంటి పాలు కేంద్రంలో పోయించుకోవచ్చునా, కూడదా అని కొందరికి అనుమానం కలిగింది. జవాబు ముందుగానే చెబుతున్నాము. నిస్సందేహంగా పోయించుకోవచ్చు. ఈ జబ్బు పాల ద్వారా రాదు. మనిషి నుండి మనిషికి అంటదు. ఈ కారణం చెప్పి ఏ సభ్యుని పాలనైనా త్రిప్పి పంపటం అన్యాయం.

మేము వైద్యులము కాము. వైద్యులూ, పశువైద్యులూ నిర్ధారించి చెప్పిన సంగతులను సభ్యులకు తెలిసిన మాటలలో చెప్పటమే మా పని. ఎవరికి ఏ చికిత్స అవసరమో నిర్ణయించవలసినది మాత్రం డాక్టరే.

పురుగు నడిచే దారి

ఈ బద్దెపురుగు మనుషుల పేగులలో ఉండే మూరల పొడవు బద్దెపురుగు వంటిది కాదు. దీని పొడవు 2 నుండి 7 మిల్లీమీటర్లు, అంటే ఒక బియ్యపు గింజకు మించదు. కుక్క పేగులో ఇటువంటి పురుగులు వందలు, ఒక్కొక్కప్పుడు వేలు ఉంటాయి. అయినా కుక్క ఆరోగ్యంగానే కనబడుతుంది. అందుచేత యజమానికి అనుమానం రాదు.

పురుగు గ్రుడ్లు కుక్క మలంతో బయట పడతాయి. అవి కంటికి కనబడవు. పచ్చగడ్డి మీద, చెరువు గట్టున, దొడ్డిలో, కుక్క వెంట్రుకల మీద, మూతి మీద ఉంటాయి. చల్లగా, తేమగా ఉన్న చోట నెలల తరబడి బ్రతుకుతాయి. ఎండకూ, పొడికీ చస్తాయి. ఫినాయిలు వంటి సామాన్య మందులకు లొంగవు. మరిగే నీటికి మాత్రం తప్పక లొంగుతాయి.

మేతతో పాటు ఆ గ్రుడ్లు గొర్రె, మేక, గేదె, ఆవు కడుపులోకి వెళతాయి. అక్కడ పగిలి, లోపలి పిల్ల పేగు గోడను తొలుచుకొని నెత్తుటిలో కలుస్తుంది. నెత్తురు ముందుగా కార్జానికి పోతుంది కనుక చాలా పిల్లలు అక్కడే చిక్కుకుంటాయి. దాటిపోయినవి ఊపిరితిత్తులలో ఆగుతాయి. ఆగినచోట ఒక్కొక్కటి నీటితో నిండిన గడ్డగా పెరుగుతుంది. మటన్ కోసేవారికి ఈ గడ్డలు కొత్త కాదు. కార్జం మీద, ఊపిరితిత్తుల మీద తెల్లగా, నీటితో బిగిసి కనబడేవి ఇవే.

కోసినవారు గడ్డలున్న ముక్కను పనికిరాదని పక్కకు విసురుతారు. కుక్క తింటుంది. గడ్డ నీటిలో ఇసుక రేణువుల వలె ఉండే పురుగు తలలు కుక్క పేగుకు అతుక్కొని, ఆరేడు వారాలలో పెద్ద పురుగులై తిరిగి గ్రుడ్లు పెట్టటం మొదలుపెడతాయి. కుక్క నుండి పశువుకు, పశువు నుండి కుక్కకు ఈ చక్రం ఇలా తిరుగుతూనే ఉంటుంది.

మనిషి ఈ చక్రంలో అనుకోకుండా దూరుతాడు. కుక్కను నిమిరిన చేతితోనే అన్నం తినటం, కుక్క మూతి పెట్టిన గిన్నెను సరిగా కడగకుండా వాడటం, కుక్కలు తిరిగే మడిలో పెరిగిన కూరాకును కడగకుండా పచ్చిగా తినటం, కుంట నీరు కాచకుండా త్రాగటం, ఇవీ దారులు. కుక్కపిల్లలతో ఆడుకునే పసిపిల్లలకు ప్రమాదం ఎక్కువ. చిన్నతనంలో చేరిన పురుగు గడ్డగా పెరిగి, పెద్దయిన తరువాత బయటపడటం సాధారణం.

ఇక్కడ మరొక అపోహను తొలగించాలి. గడ్డలున్న జీవం మాంసం తిన్నందువలన మనిషికి ఈ జబ్బు రాదు. మనిషికి హాని చేసేది కుక్క మలంలోని గ్రుడ్డు మాత్రమే. అయితే ఆ పచ్చి గడ్డను కుక్కకు వేసినవాడు రేపటి గ్రుడ్లకు విత్తనం చల్లినవాడవుతాడు.

ఇది ఎక్కడో దూరదేశపు జబ్బు అనుకోవద్దు. గొర్రెల పెంపకం ఎక్కువగా ఉన్న కర్నూలు ప్రాంతంలో ఈ జబ్బు వ్యాప్తిని గురించి మన వైద్యులు చేసిన పరిశీలన 1968లోనే భారత వైద్య పరిశోధన పత్రికలో అచ్చయింది.

ఊపిరితిత్తిలో ఏమి జరుగుతుంది

మనుషులలో ఈ గడ్డ ఎక్కువగా కార్జంలో వస్తుంది. ఆ తరువాతి స్థానం ఊపిరితిత్తులదే. పిల్లలలో ఊపిరితిత్తులలో వచ్చే పాలు ఎక్కువ. కార్జం గట్టి అవయవం కనుక గడ్డ నెమ్మదిగా పెరుగుతుంది. ఊపిరితిత్తి దూది వలె మెత్తన. గడ్డకు అడ్డు ఉండదు. నిమ్మకాయంత ఉన్నది బత్తాయంత కావటానికి అక్కడ వీలు ఎక్కువ.

గడ్డకు మూడు పొరలు ఉంటాయి. బయటి పొర మన శరీరం తనను కాపాడుకోవటానికి కట్టుకున్న గోడ. దాని లోపల కోడిగ్రుడ్డు తెల్లసొన ఉడికినట్లుండే తెల్లని పొర పురుగుది. దాని లోపలి పలుచని పొర నుండే పురుగు తలలు పుడతాయి. మధ్యనున్న నీరు ఊటనీటి వలె తేటగా ఉంటుంది. ఈ పొరల సంగతి గుర్తుంచుకోవాలి. పురుగు పొర మన శరీరం కట్టిన గోడకు అంటుకొని ఉండదు. ఆపరేషనుకు దారి దొరికేది అక్కడే.

గడ్డ చిన్నదిగా ఉన్నంతకాలం రోగికి ఏమీ తెలియదు. పెరిగిన కొద్దీ పొడిదగ్గు, ఒకవైపు ఛాతీనొప్పి, పని చేస్తే ఆయాసం, ఒక్కొక్కప్పుడు కఫంలో నెత్తురు జీర కనబడతాయి. అన్నిటికంటే ప్రమాదం గడ్డ లోపల పగలటం. శ్వాసనాళంలోకి పగిలితే రోగి ఉన్నట్లుండి దగ్గుతో ఉప్పగా ఉండే నీటిని కక్కుతాడు. ద్రాక్షపండు తొక్క వంటి తెల్లని పొరలు కూడా పడవచ్చు. ఆ నీరు శరీరానికి పడక ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఆయాసపడి, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇటువంటి సమయంలో ఇంటి వైద్యంతో ప్రొద్దు పుచ్చరాదు. వెంటనే 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి చేర్చాలి. పగిలిన గడ్డలో చీము పట్టితే జ్వరం, దుర్వాసన గల కఫం మొదలవుతాయి.

క్షయ అనుకొని కాలం గడపరాదు

దగ్గు, నెత్తురు జీర, బరువు తగ్గటం అనగానే మన గ్రామాలలో క్షయ అనుకుంటారు. అలా అనుకోవటంలో తప్పులేదు. మన దేశంలో క్షయ దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రెండు వారాలకు మించి దగ్గు ఉన్న ప్రతివారూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కఫం పరీక్ష చేయించుకోవలసినదే. క్షయ అని తేలితే మందులు పూర్తిగా వాడవలసినదే. సొంతంగా ఎవరూ మానరాదు.

అయితే కఫంలో క్షయ క్రిములు లేవని తేలినా, మందులు వాడినా గుణం కనబడకపోయినా ఊరుకోరాదు. ఛాతీ ఎక్స్‌రే తీయించమని అడగాలి. ఇంట్లో గొర్రెలు, కుక్కలు ఉన్న సంగతి డాక్టరుకు చెప్పాలి. చాలామంది రోగులు ఈ ఒక్క మాట చెప్పరు. డాక్టరు అడగనూ అడగకపోవచ్చు. ఆ మాట చెప్పటానికి ఖర్చు లేదు. కాని రోగనిర్ణయానికి దారి చూపేది తరచు అదే.

ఎక్స్‌రేలో పగలని నీటిగడ్డ అంచులు స్పష్టంగా, బంతి వలె గుండ్రంగా కనబడుతుంది. పగిలి కొంత నీరు బయటకు పోతే లోపలి పొర ముడుచుకొని మిగిలిన నీటిపై తేలుతుంది. కలువ ఆకు చెరువు నీటిపై తేలినట్లుండే ఈ ఆనవాలును డాక్టర్లు కలువ గుర్తు అంటారు. తరువాత సి.టి. స్కానుతో గడ్డ ఎంత ఉన్నది, ఎక్కడ ఉన్నది, ఇంకా ఎన్ని ఉన్నవి చూస్తారు. కార్జంలో కూడా ఉందేమోనని కడుపుకు అల్ట్రాసౌండు పరీక్ష చేస్తారు. రక్తపరీక్ష కూడా ఉంది. కాని ఊపిరితిత్తిలో పగలని గడ్డ ఉన్నవారికి రక్తపరీక్షలో ఏమీ తేలకపోవచ్చు. అందువలన రక్తపరీక్ష బాగుంది కదా అని ఎక్స్‌రేలో కనబడినదానిని త్రోసివేయరాదు.

సూది గుచ్చరాదు

ఛాతీలో నీరు చేరినప్పుడు సూదితో తీయటం మామూలు చికిత్స. ఊపిరితిత్తికి బయట చేరిన నీటికి అది సరియైనదే. ఊపిరితిత్తి లోపలి నీటిగడ్డకు అది తగదు. సూది గుచ్చితే గడ్డ నీరు చుట్టూ కారుతుంది. దానితో రెండు ప్రమాదాలు. ఒకటి, పైన చెప్పిన తీవ్రమైన ప్రతిక్రియ. రెండవది, కారిన నీటిలోని పురుగు తలలు ఒక్కొక్కటీ కొత్త గడ్డగా మొలవటం. ఒక గడ్డ పది గడ్డలవుతుంది. కార్జంలోని కొన్ని గడ్డలకు ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టర్లు సూదితో చికిత్స చేసే పద్ధతి ఉంది. ఊపిరితిత్తులకు ఆ పద్ధతి వాడరు.

మందుల సంగతి: ఆల్బెండజోల్ అనే మందు ఈ పురుగుపై పని చేస్తుంది. చిన్న గడ్డలకూ, ఆపరేషనుకు తట్టుకోలేనివారికీ, చాలా గడ్డలు ఉన్నవారికీ దీనిని నెలల తరబడి ఇస్తారు. ఆపరేషను తరువాత మిగిలిపోయిన పురుగు తలలు మొలవకుండా కూడా ఇస్తారు. పెద్ద గడ్డకు ఆపరేషనుకు ముందే ఈ మందు ఇస్తే పొర మెత్తబడి పగిలే భయం ఉంది. అందుచేత ఎప్పుడు మొదలుపెట్టాలో శస్త్రవైద్యుడు నిర్ణయిస్తాడు. మందు వాడేటప్పుడు కార్జం పనితీరుకూ, రక్తకణాలకూ పరీక్షలు చేయించాలి. గర్భిణులు డాక్టరు ప్రత్యేకంగా చెప్పనిదే వాడరాదు.

ఒక హెచ్చరిక. గొర్రెలకు, దూడలకు పోసే నట్టల మందు డబ్బాల మీద కూడా ఆల్బెండజోల్ అనే పేరు ఉంటుంది. పేరు ఒకటే కదా అని పశువుల మందును మనుషులు త్రాగరాదు. దాని మోతాదు వేరు, తయారీ వేరు.

ఆపరేషను ఎలా చేస్తారు

ఊపిరితిత్తిలోని పెద్ద గడ్డకు నమ్మకమైన చికిత్స శస్త్రచికిత్స. ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. గొర్రెలు, పశువులు విస్తారంగా ఉన్న అర్జెంటీనా దేశంలో ఈ జబ్బు ఎక్కువ. అక్కడి రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో అలెహాండ్రో పోసదాస్ అనే శస్త్రవైద్యుడు ఊపిరితిత్తి నుండి నీటిగడ్డను తీస్తుండగా 1900 ప్రాంతంలో చలనచిత్రం తీశారు. ప్రపంచంలో తొలినాటి శస్త్రచికిత్స చిత్రాలలో అది ఒకటి. ఆనాటికి నేటికి మత్తు ఇచ్చే పద్ధతులూ, పరికరాలూ ఎంతో మెరుగయ్యాయి.

ఛాతీ తెరుస్తారనగానే ఇంటివారు హడలిపోతారు. లోపల ఏమి చేస్తారో తెలిస్తే ఆ భయం కొంత తగ్గుతుంది.

ముందుగా మత్తు డాక్టరు రోగిని నిద్రపుచ్చి, రెండు ఊపిరితిత్తులకు విడివిడిగా గాలి పంపే గొట్టం వేస్తాడు. దీనివలన జబ్బు ఉన్న ఊపిరితిత్తిని ఆపి, బాగున్న దానితో శ్వాస నడపవచ్చు. లోపల గడ్డ పగిలినా నీరు అవతలి ఊపిరితిత్తిలోకి పోదు. రోగిని బాగున్న వైపుకు ఒత్తిగిల్లబెట్టి, చంక క్రింద నుండి వీపు వైపుకు ప్రక్కటెముకల మధ్య కోత పెడతారు. గడ్డ ఉన్న చోట ఊపిరితిత్తి పైభాగం పాలిపోయి ఉబ్బెత్తుగా కనబడుతుంది.

కోయటానికి ముందు చుట్టూ గుడ్డలు పరుస్తారు. ఆ గుడ్డలను గాఢమైన ఉప్పునీటిలోనో, అయొడిన్ మందులోనో తడుపుతారు. ఒక్క చుక్క కారినా అందులోని పురుగు తలలు చావాలని ఈ ఏర్పాటు. నిండు పాలబిందెను కదపకుండా దించేటప్పుడు చుట్టూ నలుగురు చేతులు పట్టినట్లు, ఈ దశలో అందరి దృష్టీ ఆ గడ్డ మీదే ఉంటుంది.

ఆ తరువాత రెండు పద్ధతులలో ఒకటి అనుసరిస్తారు. గడ్డ చిన్నదైతే బయటి గోడను మాత్రం జాగ్రత్తగా చీలుస్తారు. పురుగు పొర ఆ గోడకు అంటుకొని ఉండదని పైన చెప్పాము. మత్తు డాక్టరు ఊపిరితిత్తిలోకి మెల్లగా గాలి పంపితే ఆ గాలి వెనుక నుండి నెడుతుంది. గడ్డ పగలకుండా, తోలు గ్రుడ్డు వలె, దానంతటది బయటకు జారుతుంది. గడ్డ పెద్దదైతే ఇలా తీయటంలో పగిలే ప్రమాదం ఉంది. అప్పుడు ముందుగానే లోపలి నీటిని పీల్చే గొట్టంతో లాగివేసి, గోడను తెరిచి, తెల్లని పొరను పట్టుకారుతో మొత్తంగా తీస్తారు. ఖాళీ అయిన గుంటను మందునీటితో కడుగుతారు.

గడ్డను తీయటంతో పని పూర్తి కాదు. గడ్డ పెరిగేటప్పుడు చిన్న చిన్న శ్వాసనాళాలు తెగి గుంటలోకి తెరుచుకొని ఉంటాయి. వాటిని వదిలివేస్తే గాలి కారుతూనే ఉంటుంది. వీటిని కనిపెట్టే ఉపాయం మన సైకిలు షాపులో చూసినదే. ట్యూబుకు ఎక్కడ పంక్చరు పడిందో తెలుసుకోవటానికి నీటిలో ముంచి గాలి కొడతారు కదా. ఇక్కడ గుంటలో నీరు పోసి, మత్తు డాక్టరు గాలి పంపుతాడు. ఎక్కడ బుడగలు వస్తే అక్కడ కుట్టు వేస్తారు. బుడగలు పూర్తిగా ఆగేవరకు ఒక్కొక్క రంధ్రాన్నీ మూస్తారు. ఆ పిదప గుంటను అడుగు నుండి పైకి కుట్టి మూసేవారు ఉన్నారు. తెరిచి ఉంచి ఊపిరితిత్తి నిండేలా వదిలేవారూ ఉన్నారు.

ఊపిరితిత్తిని కోసి పారేస్తారనే భయం చాలామందిలో ఉంది. ఈ ఆపరేషనులో ముఖ్య సూత్రం ఊపిరితిత్తిని వీలైనంత కాపాడటమే. గడ్డ ఒత్తిడికి నలిగిన భాగం గడ్డ పోగానే చాలావరకు తిరిగి విచ్చుకుంటుంది. చీము పట్టి ఒక భాగమంతా చెడిపోయినప్పుడు మాత్రమే ఆ భాగాన్ని తొలగిస్తారు. ముందుగా వచ్చిన రోగికీ, పగిలి చీము పట్టిన తరువాత వచ్చిన రోగికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. మొదటివారికి గడ్డ పోతుంది. రెండవవారికి గడ్డతో పాటు ఊపిరితిత్తి ముక్క కూడా పోవచ్చు.

రెండు వైపులా గడ్డలు ఉంటే సాధారణంగా ఒకవైపు చేసి, కోలుకున్న తరువాత రెండవవైపు చేస్తారు. కుడి ఊపిరితిత్తిలోనూ, కార్జం పైభాగంలోనూ గడ్డలున్న కొందరికి ఒకే కోత నుండి రెండూ తీసే వీలుంటుంది. తగిన రోగులకు చిన్న రంధ్రాల ద్వారా కెమెరా సహాయంతో చేసే పద్ధతి కూడా వచ్చింది. ఎవరికి ఏది తగునో గడ్డ పరిమాణం, చోటు చూసి నిర్ణయిస్తారు.

ఆపరేషను తరువాత

మెలకువ వచ్చేసరికి రోగి ఛాతీలో గొట్టాలు ఉంటాయి. వాటి చివర నీరున్న సీసాలో మునిగి ఉంటుంది. లోపలి గాలి, నెత్తురు బయటకు పోవాలి, బయటి గాలి లోపలికి పోరాదు అనేది దీని ఉద్దేశ్యం. సీసాను రోగి ఛాతీ కంటే పైకి ఎత్తరాదు. చూడటానికి వచ్చిన బంధువులు దానిని కాలితో తన్నకుండా చూడాలి. బుడగలు ఆగి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి విచ్చుకున్నదని తేలిన పిమ్మట గొట్టాలు తీస్తారు. కొందరికి గాలి కారటం ఎక్కువ రోజులు సాగవచ్చు. చీము, జ్వరం వంటి చిక్కులు కొద్దిమందికి రావచ్చు. అనుభవం గల కేంద్రాలలో ఈ ఆపరేషను వలన ప్రాణనష్టం అరుదు.

నొప్పికి భయపడి రోగి దగ్గకుండా, గట్టిగా ఊపిరి పీల్చకుండా పడుకోరాదు. ఊపిరితిత్తి విచ్చుకోవాలంటే కూర్చోవాలి, నడవాలి, నర్సు చెప్పినట్లు ఊపిరి వ్యాయామం చేయాలి. ఇంటికి వచ్చిన తరువాత కొన్ని వారాలు గడ్డిమోపులు, పాలక్యాన్లు ఎత్తరాదు. ఆ రోజులలో ఇంటి పాడిపని ఎవరు చూస్తారన్నది చాలా కుటుంబాలకు పెద్ద సమస్య. ఆపరేషను వాయిదా పడటానికి డబ్బు ఎంత కారణమో ఇదీ అంతే కారణం. పితకటానికి, పాలు కేంద్రానికి చేర్చటానికి ఇరుగుపొరుగు సభ్యులు వంతులు వేసుకుంటే రోగికి ధైర్యం. సంఘం అనే మాటకు అర్థం అదే కదా.

మందు ఎన్ని నెలలు వ్రాశారో అన్ని నెలలు వాడాలి. గడ్డ తిరిగి రావచ్చు గనుక కొన్ని సంవత్సరాల పాటు డాక్టరు చెప్పిన గడువులలో ఎక్స్‌రే తీయించుకోవాలి. ఖర్చు విషయంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ఉచిత వైద్య పథకాలు వర్తిస్తాయో లేదో ఆసుపత్రిలోని ఆ పథకపు సహాయ కేంద్రంలో ముందుగా విచారించాలి. ఆ మాట తెలుసుకోకుండా పాలిచ్చే గేదెను తెగనమ్మటం తొందరపాటు.

ఐస్‌లాండులో ఏమి చేశారు

ఆపరేషను ఒక మనిషిలోని గడ్డను తీస్తుంది. ఊరిలోని కుక్కల పేగులలో పురుగును అది తీయలేదు. ఒక ఇంట ఆపరేషను అయిందంటే అదే దొడ్డిలో తిరిగిన పిల్లలందరికీ ఆ గ్రుడ్లు అందే అవకాశం ఉన్నదని అర్థం. కాబట్టి రెండవ పని కూడా జరగాలి. అది జరిగే పనేనా అని సందేహించేవారికి ఐస్‌లాండు సమాధానం.

ఉత్తర సముద్రాల మధ్యనున్న ఆ దీవి గొర్రెల దేశం. ఒకప్పుడు ప్రపంచంలో ఈ జబ్బు అతి ఎక్కువగా ఉన్న దేశాలలో అది ఒకటి. 1863లో హరాల్డ్ క్రాబె అనే డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అక్కడికి వెళ్లి కుక్కలను పరిశీలించాడు. పరిశీలించిన 100 కుక్కలలో 28 కుక్కల పేగులలో ఈ పురుగు కనబడింది. పురుగు ఎలా వస్తుంది, ఏమి చేయాలి అని వివరిస్తూ ఆయన ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. దానిని ఆ దేశంలో ఇంటింటికి పంచారు. గడ్డలున్న ముక్కలను కుక్కలకు వేయకుండా కాల్చటం, పాతిపెట్టటం, కుక్కల సంఖ్యను అదుపులో పెట్టటం, వాటికి పురుగుల మందు ఇవ్వటం క్రమంగా అలవాటయ్యాయి. 1869లో చట్టం కూడా వచ్చింది. నేటి మందులూ, స్కానులూ లేని ఆ రోజులలోనే జబ్బు తగ్గుముఖం పట్టి, ఇరవయ్యో శతాబ్దంలో ఆ దేశం నుండి తుడిచిపెట్టుకు పోయింది. న్యూజీలాండులో 1959లో చట్టం చేసి పట్టుదలగా పనిచేశారు. 2002లో ఆ దేశం ఈ జబ్బు నుండి తాత్కాలికంగా విముక్తి పొందినట్లు ప్రకటించుకుంది.

రెండు చోట్లా చేసిన పని ఒక్కటే. కుక్కకూ, పచ్చి అవయవానికీ మధ్య దారి మూశారు.

సంఘం చేయవలసిన పనులు

ఈ క్రింది విషయాలను కార్యదర్శులు పాలకవర్గ సమావేశంలో చదివి వినిపించి, తమ ఊరికి తగినట్లు తీర్మానం చేయవలసినదిగా కోరుతున్నాము.

1. పండుగలకు, జాతరలకు, ఆదివారాలకు జీవాలను కోసే చోట గడ్డలున్న కార్జం, ఊపిరితిత్తులు కుక్కలకు వేయరాదు. కాల్చాలి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతున పాతాలి. బాగున్న ముక్కలైనా కుక్కకు పచ్చిగా వేయక, అరగంటకు తక్కువ కాకుండా మరిగించి వేయాలి. కోసే చోటికి ఒక గుంత, దానికి ఒక మూత ఏర్పాటు చేయటానికి పంచాయతీని అడగాలి.

2. చనిపోయిన పశువును, దూడను ఊరి బయట పారవేయరాదు. సున్నం వేసి లోతుగా పాతాలి. ఈ ఒక్క విషయంలో గొర్రెలవారి కంటే పాడివారి బాధ్యతే ఎక్కువ.

3. పెంపుడు కుక్కలకు పశువైద్యుని సలహాపై ప్రాజిక్వాంటెల్ అనే మందు క్రమంగా ఇప్పించాలి. సంవత్సరానికి కనీసం నాలుగుసార్లు అవసరం. పశువులకు పోసే నట్టల మందు కుక్కకు పోసి పని అయిందనుకోరాదు. ఈ పురుగుకు తగిన మందు వేరు. మందు పురుగును చంపుతుంది గాని గ్రుడ్లను చంపదు. కాబట్టి మందు ఇచ్చిన తరువాత రెండు మూడు రోజులు కుక్కను కట్టివేసి, దాని మలాన్ని చేతికి తగలకుండా ఎత్తి కాల్చాలి, లేదా పాతాలి.

4. పాల సేకరణ కేంద్రంలోకి, దాణా నిలువచేసే గదిలోకి కుక్కలను రానివ్వరాదు. దాణా బస్తాలపై, గడ్డివాము నీడన కుక్కలు పడుకోకుండా చూడాలి. పాలు పితికే ముందు, అన్నం తినే ముందు సబ్బుతో చేతులు కడగాలి. పిల్లలకు కూడా ఈ అలవాటు నేర్పాలి. కుక్కను ఒడిలో పెట్టుకొని ముద్దాడనివ్వరాదు.

5. పచ్చిగా తినే కూరాకులను పారే నీటిలో బాగా కడగాలి. చెరువు, కుంట నీటిని మరిగించి త్రాగాలి.

6. వీధి కుక్కలను కొట్టటం, విషం పెట్టటం చట్టరీత్యా నేరం. దానివలన జబ్బూ పోదు. చంపిన కుక్క స్థానంలో మరొక కుక్క వస్తుంది. వాటికి సంతాన నిరోధక ఆపరేషన్లు చేయించమనీ, మందు ఇప్పించమనీ పంచాయతీకీ, పశుసంవర్ధక శాఖకూ అర్జీ ఇవ్వాలి.

7. సభ్యుల ఇళ్లలో ఎవరికైనా ఈ ఆపరేషను అయితే ఆ ఇంటిలోని మిగిలినవారు కూడా డాక్టరును కలిసి, అవసరమైన పరీక్షలు చేయించుకోవాలి. ఒకే దొడ్డి, ఒకే కుక్క అందరివీ కదా.

వీటిలో పెద్ద ఖర్చుతో కూడినది ఒక్కటీ లేదు. గుంతకు ఒక పూట కూలి, కుక్కకు నాలుగు మోతాదుల మందు, చేతులకు సబ్బు. ఇటువైపు ఈ ఖర్చు పెట్టుకోండి. అటువైపు ఛాతీ ఆపరేషను, నెలల మందులు, పనికి పోలేని రోజులు పెట్టుకోండి. ప్రతి పూటా పాల లెక్క చూసుకునే సభ్యులకు ఈ లెక్క మేము వేరే చెప్పనక్కరలేదు.